హాలిస్ చెప్పని నెంబరు

ఆ గురువారం పొద్దున వెర్నా కొట్లో పదకొండు మంది వరసలో నిలబడ్డారు. శనివారం నుంచి జింకల వేట మొదలు. ఆ కొట్లో మేకులు, కోళ్ళ దాణా, తూటాలు, రబ్బరు బూట్లు దొరుకుతాయి. నవంబరు వస్తే వేట లైసెన్సు దొరుకుతుంది. పోయినేటి దాకా లైసెన్సంటే ఒక పసుపు కాగితం. పేరు, ఊరు, ఎత్తు, కళ్ళ రంగు వెర్నా తన చేత్తోనే రాసి, చింపి ఇచ్చేది. కళ్ళ రంగు అడిగేది కూడా కాదు. నలభయ్యేళ్ళుగా చూస్తున్న కళ్ళే కదా.

ఈ ఏడు ఆ పుస్తకం పోయింది. దాని చోట రాష్ట్ర రాజధాని వాళ్ళు పంపిన బూడిదరంగు మిషను కూర్చుంది. దానికి పేరూ ఊరూ చాలవు. పుట్టిన తేదీ కావాలి. ఫోను కావాలి. ఆపైన తొమ్మిదంకెల నెంబరు కావాలి. ఆ దేశంలో పుట్టిన ప్రతి మనిషికీ సర్కారు అంటించే నెంబరది. జీతం, పన్ను, పింఛను అన్నీ దాని మీదే నడుస్తాయి. పశువులకైతే చెవికి బిళ్ళ వేస్తారు, అది కంటికి కనపడుతుంది. ఇది కనపడదు, అంతే తేడా.

"జింకని కొట్టడానికి నా పింఛను నెంబరెందుకు?" అన్నాడు గార్త్ మేహ్యూ. ఊళ్ళోకల్లా పెద్ద గొంతు అతనిది. బంగాళదుంపల లారీ తోలేవాడు.

"పిల్లల్ని వదిలేసి పోయిన తండ్రుల్ని పట్టుకోడానికట," అంది వెర్నా కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

"నాకు పిల్లలేరి? పెళ్ళామే లేదు."

"ఆ సంగతి మిషనుకి చెప్పక్కర్లేదు గార్త్, నీ మొహం చూస్తే దానికే తెలుస్తుంది."

వరసంతా నవ్వింది. గార్త్ నవ్వలేదు. కౌంటర్ మీద పిడికిలి పెట్టాడు. "మా తమ్ముడు లైల్ ఇరవయ్యేళ్ళకే ఆ వియత్నాం చిత్తడి అడవుల్లో చచ్చాడే, దేనికోసం? నేనిట్లా కొట్లో నిలబడి, పదిమంది వింటుండగా, నా నెంబరు అప్పజెప్పడానికా? నా శవం దగ్గర అడగమను."

"నీ ఇష్టం. ఖాళీ వదిలేస్తే మిషను ఒప్పుకోదు."

"ఒప్పుకోకపోతే?"

"శనివారం ఇంట్లో కూచుని అట్లకాడ తిప్పుకో."

గార్త్ కాసేపు మిషను వంక చూశాడు, కాసేపు తూటాల అర వంక చూశాడు. తర్వాత గొంతు తగ్గించకుండానే తొమ్మిదంకెలూ చెప్పేశాడు. వరసంతా వింది. అతని వెనక ఉన్నవాళ్ళు కూడా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు సర్కారుని తిట్టారు, తిట్టి ఇచ్చారు. కోపానికేం తక్కువ లేదు ఆ ఊళ్ళో. కాకపోతే శనివారం దాకా ఆగే కోపం ఎవరికీ లేదు.

చివర్న హాలిస్ క్రేన్ వచ్చాడు.

యాభయ్యొక్కేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చిన్నప్పుడు మంచు కొరికి ఎడమ చెవి పైభాగం ఊడిపోయింది. కలప కొట్టే పని, రోజు కూలి. మాట తక్కువ. అడవిలో అతనంత మెల్లగా నడిచేవాడు ఆ జిల్లాలోనే లేడని చెప్పుకుంటారు.

"నెంబరు చెప్పు నాయనా," అంది వెర్నా.

హాలిస్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "పేరు రాయి. కళ్ళ రంగు రాయి. ఇన్నేళ్ళూ అదే రాశావుగా."

"ఇప్పుడది చాలదంటోంది."

"అయితే వద్దు."

"లైసెన్సు వద్దా?"

"నెంబరు ఇవ్వను," అన్నాడు హాలిస్. గొంతు పెంచలేదు. వెనక్కి తిరిగి తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

కొట్టు చల్లబడిపోయింది. అప్పుడే లైసెన్సులు మడిచి జేబులో పెట్టుకున్న పదిమంది ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోలేకపోయారు. చివరికి గార్త్ అన్నాడు, "చూశారా. ఈ ఊరికి ఒక్కడే మగాడు."

హాలిస్ అప్పటికి ట్రక్కు దాకా వెళ్ళాడు. చేతిలోంచి తాళం చెవి రెండుసార్లు మంచులో పడింది.

*

అతనికి నెంబరు ఉంది. కాకపోతే ఆ నెంబరు హాలిస్ క్రేన్‌ది కాదు. హాలిస్ క్రేన్ అనే మనిషి ఎక్కడా పుట్టలేదు.

డ్వేన్ వెకర్ట్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రవాడు 1968 మార్చిలో, వియత్నాం పంపడానికి తొమ్మిది రోజుల ముందు, సైనిక శిబిరం కంచె దాటి నడిచి వెళ్ళిపోయాడు. సరిహద్దు అవతల ఆరేళ్ళు కలప కొట్టాడు. తర్వాత ఇవతలికొచ్చి, మొదటిసారి ఎవరో పేరడిగితే హాలిస్ క్రేన్ అన్నాడు. ఆ తర్వాత ఒక అధ్యక్షుడు క్షమాపణ ప్రకటించాడు. అది పిలుపు రాగానే పారిపోయిన వాళ్ళకే. యూనిఫాం వేసుకున్నాక నడిచిపోయిన వాళ్ళకి కాదు. వాళ్ళని పట్టుకునే చట్టం ఇంకా బతికే ఉంది, అతని పేరు ఇంకా ఏదో అరలో ఉంది.

ఇర్మాకి తెలుసు. ఇరవై రెండేళ్ళుగా అతనితో కాపురం చేస్తోంది, కాగితం లేని కాపురం. ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

బాంకు లేదు, బండి తోలే లైసెన్సు లేదు. అన్ని చట్టాలకీ దూరంగా బతికిన మనిషి ఒక్క వేట చట్టాన్ని మాత్రం ఏనాడూ దాటలేదు. ఏటా లైసెన్సు కొన్నాడు. ఏటా ఒక్క జింక, కాలికి లైసెన్సుతో ఇచ్చే చీటీ కట్టి, వేటని అజమాయిషీ చేసే వార్డెన్‌కి చూపించి ఇంటికి తెచ్చాడు. పాత పసుపు కాగితాలు ఇరవయ్యయిదూ బిస్కట్ల డబ్బాలో దాచాడు. హాలిస్ క్రేన్ అనేవాడు ఈ భూమ్మీద ఉన్నాడనడానికి ఆ డబ్బాయే సాక్ష్యం.

"ఒక్క ఏడు వేటకి పోకపోతే చచ్చిపోం," అంది ఇర్మా ఆ మధ్యాహ్నం సూపు వడ్డిస్తూ. ఆమె బడి బస్సు తోలుతుంది, మాట కూడా బస్సులాగే తిన్నగా పోతుంది. "నోరు మూసుకుని కుక్కిన పేనులా పడుండు. మొండోడు అనుకుంటారు. రెండు వారాల్లో మర్చిపోతారు."

"అట్లాగే అనుకున్నా."

"మరి మొహం అట్లా ఉందేం?"

"నేను వెళ్తుంటే వెనక ఎవరూ నవ్వలేదు ఇర్మా. నవ్వుంటే బాగుండేది."

*

శనివారం తెల్లవారి తుపాకుల చప్పుడు కొండ మీంచి దిగింది. పాతికేళ్ళలో మొదటిసారి హాలిస్ ఆ చప్పుడు వంటింట్లో కూచుని విన్నాడు. ఎవరి తుపాకీ ఏదో, ఎవరు ఏ వంపులో ఉన్నారో అతనికి తెలుస్తోంది. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాడు.

పదింటికి గార్త్ వచ్చాడు. బుజం మీద జింక తొడ, చేతిలో కాగితాల కట్ట.

"తెచ్చా. నీ వాటా."

"నేను కొట్టనిదానికి నాకు వాటా ఏంటి?"

"నువ్వు కొట్టింది ఇంకా పెద్దది," అన్నాడు గార్త్ కుర్చీ లాక్కుని. "ఇదిగో చూడు, నెంబరు అడగొద్దని పిటిషను. నిన్న ఒక్కరోజే నూటపద్నాలుగు సంతకాలు. మేమంతా సిగ్గులేకుండా నెంబర్లు ఒప్పజెప్పాం. నువ్వొక్కడివే నిలబడ్డావ్. నీ పేరే పైన పెట్టాం. హాలిస్ క్రేన్ పిటిషను."

ఇర్మా చేతిలో గరిటె ఆగిపోయింది.

"నా పేరు తీసెయ్యి గార్త్."

"అదిగో. చూశావా ఇర్మా ఈయన తీరు? పేరు కూడా వద్దంటాడు."

"నిజంగా చెప్తున్నా. తీసెయ్యి. నేను సంతకం చెయ్యను."

"చెయ్యొద్దు. నువ్వు చెయ్యక్కర్లేదు. నువ్వు చేసేది చేశావ్." గార్త్ కళ్ళు తడిసాయి. అంత పెద్ద మనిషి కళ్ళు తడిస్తే ఎక్కడ చూడాలో హాలిస్‌కి తెలియలేదు. "లైల్ బతికుంటే నీ వయసే ఉండేది. వాడూ ఇంతే. ఒకసారి కాదన్నాడంటే కాదనే."

గార్త్ వెళ్ళేటప్పుడు ట్రక్కు వెనక అద్దం మీద కొత్త స్టిక్కరు కనిపించింది. నారింజ రంగు మీద నల్లటి అక్షరాలు: మేము హాలిస్ వైపు. ఆదివారం చర్చి బయట అలాంటివి ఏడు బండ్లు ఉన్నాయి. మరుసటి వారానికి ఇర్మా లెక్కపెట్టడం మానేసింది.

ఒక మనిషి దాక్కోవాలంటే చీకటి అక్కర్లేదు. అతన్నెవరూ పట్టించుకోకపోతే చాలు. ఈ ఊరు ఇరవయ్యయిదేళ్ళు అతనికి ఆ మేలు చేసింది. ఇప్పుడు ఒక్క వారంలో, ప్రేమకొద్దీ, దాన్ని లాక్కుంది.

జిల్లా వారపత్రిక మనిషి ఫోన్ చేస్తే హాలిస్ మాట్లాడలేదు. ఫొటో ఇవ్వనన్నాడు. దాంతో పత్రిక వాళ్ళు వెర్నా కొట్టుకి పోయారు. కొట్టు గోడ మీద ఫొటోలున్నాయి, పోయినేడు చర్చి హాల్లో జరిగిన వేటగాళ్ళ విందువి. అందులో హాలిస్ పళ్ళెం పట్టుకుని పక్కకి చూస్తున్నాడు. ఎడమ చెవి కనపడేట్టు. వెర్నా ఆ ఫొటో పిన్ను ఊడదీసి ఇచ్చింది. మంచిపని చేస్తున్నాననే అనుకుంది.

మొదటి పేజీలో వేశారు. నాలుగు రోజులకి దాన్నే నగరం పేపరు కూడా వేసింది.

*

వేట మూడో వారంలో వార్డెన్ ఎమెరీ వచ్చాడు. ఇరవయ్యేళ్ళుగా హాలిస్ జింకలకి ముద్ర వేసిన మనిషి. ఎప్పుడొచ్చినా వంటింటి తలుపు నుంచే వచ్చేవాడు. ఆ రోజు ముందు తలుపు తట్టాడు.

"కూర్చోను," అన్నాడు. టోపీ తీసి అంచు తిప్పుతూ నిలబడ్డాడు. "పిటిషను రాజధానికి చేరింది. ఎవరో పెద్దమనిషికి ఒళ్ళు మండింది. ఈ హాలిస్ క్రేన్ ఎవడో చూడండి అన్నాడట. చూశారు."

"ఏం కనపడింది?"

"ఏం కనపళ్ళేదు. అదే ఇబ్బంది. ఎక్కడ వెతికినా లేవు నువ్వు. నన్నడిగారు. మంచి వేటగాడు అన్నాను. అంతకంటే తెలియదన్నాను. నిజమే కదా?"

"నిజమే."

"సోమవారం మనుషులొస్తారు. రాజధాని నుంచి కాదు, ఇంకా పైనుంచి." ఎమెరీ టోపీ పెట్టుకున్నాడు. "ఇది నేను చెప్పలేదు. నేనసలు ఇక్కడికి రాలేదు." గుమ్మం దిగాక ఆగాడు. "వెర్నాకి ఎవరో ఫోన్ చేశారట. పేరు చెప్పలేదట. ఫొటోలో మనిషికి ఎడమ చెవి సగమే ఉందా అని అడిగాడట. ఉంది, మీరెవరు అంటే, పాత స్నేహితుణ్ణి, ఒకే శిబిరంలో పడుకునేవాళ్ళం అన్నాడట. పిచ్చిముండ, సంతోషపడింది. నీకు స్నేహితులున్నందుకు."

అతను వెళ్ళాక ఇర్మా తలుపు గడియ పెట్టింది. ఆ ఇంట్లో ఎప్పుడూ పెట్టని గడియ. "ట్రక్కులో పెట్రోలుంది. సరిహద్దు పదకొండు మైళ్ళు. అడవి దారి నీకు కొత్త కాదు."

"అప్పుడు నాకు ఇరవయ్యేళ్ళు."

"ఇప్పుడు నేనున్నాను. నేనొస్తాను."

అతనేదో చెప్పబోయాడు. అంతలో ఫోన్ మోగింది. గార్త్. గొంతులో ఉత్సాహం పొంగుతోంది. ఆదివారం రైతుల హాల్లో సభ. నగరం నుంచి పేపరు వాళ్ళొస్తున్నారు. హాలిస్ మాట్లాడక్కర్లేదు, వేదిక మీద కూచుంటే చాలు.

"ఇంకో సంగతి," అన్నాడు గార్త్. "లైల్ ఫొటో తెస్తున్నా. యూనిఫాంలో ఉన్నది. నీ పక్క కుర్చీలో పెడతా. మీ ఇద్దరూ పక్కపక్కన. ఇన్నేళ్ళకి వాడి చావుకో అర్థం దొరికింది హాలిస్. నీ పుణ్యం."

హాలిస్ ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నాడు?" అంది ఇర్మా.

చెప్పాడు.

ఆమె ఇంక సరిహద్దు మాట ఎత్తలేదు.

*

మర్నాడు శుక్రవారం. వేటకి చివరి రోజు శనివారం. అప్పటికీ జింక దొరకని వాళ్ళు తూటాల కోసం వెర్నా కొట్లో మూగారు. గార్త్ ఆదివారం సభ కరపత్రాలు పంచుతున్నాడు. హాలిస్ లోపలికి రాగానే ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకో ఇద్దరు కలిశారు.

హాలిస్ నేరుగా కౌంటర్ దగ్గరికి పోయాడు. "లైసెన్సు కావాలి."

"ఒక్క రోజుకా?" అంది వెర్నా. తర్వాత గొంతు తగ్గించింది. "నాయనా, మిషను మారలేదు. అదే అడుగుతోంది."

"అడగనీ. చెప్తాను."

చప్పట్లు ఆగాయి.

"పేరు నాకు తెలుసులే," అని వెర్నా మీటల మీద వేలు పెట్టింది.

"తెలీదు. రాయి. డ్వేన్ వెకర్ట్."

"ఏంటీ?"

"డ్వేన్. వెకర్ట్." మళ్ళీ చెప్పాడు. తర్వాత తొమ్మిదంకెలూ చెప్పాడు, ఆగకుండా, వరసగా, పిల్లాడు బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్టు. ముప్ఫయ్యొక్కేళ్ళుగా పైకి అనని అంకెలు, ఒక్కటీ తప్పలేదు. మిషను గుర్రుమంది. దానికి ఏ అభ్యంతరమూ లేదు. నిజం చెప్పేవాడూ అబద్ధం చెప్పేవాడూ దానికి ఒకటే, గడి నిండితే చాలు.

వెర్నా అలవాటు కొద్దీ అడిగింది. "ఎత్తు?"

"అదే ఎత్తు వెర్నా. కళ్ళూ అవే."

గార్త్ కరపత్రాలు గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. అర్థమవుతోంది, కానీ అర్థం చేసుకోనని మొహం మొండికేస్తోంది.

"ఎవరీ వెకర్ట్?" అన్నాడు చివరికి.

హాలిస్ అతని వైపు తిరిగాడు. "యుద్ధానికి పంపుతారనగా పారిపోయినవాడు. ఆదివారం ఆ కుర్చీలో కూచోలేను గార్త్. అందుకని చెప్తున్నా. నెంబరు ఇవ్వనంది ధైర్యం కాదు. భయం. మొదట్నించీ భయమే."

"ఏ సంవత్సరం?"

"అరవై ఎనిమిది. మార్చి."

గార్త్ పెదాలు కదిలాయి. లెక్కేసుకున్నాడు. "లైల్ ఆ మే నెల్లో పోయాడు," అన్నాడు.

అలాంటి గొంతు అతని దగ్గర ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అంత చిన్నది. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే హాలిస్‌కి తేలిగ్గా ఉండేది. గార్త్ కరపత్రాలు దాణా బస్తాల మీద నీటుగా పెట్టాడు. రెండు పెట్టెల తూటాలు తీసుకున్నాడు. అతని జింక మొదటిరోజే పడింది, చీటీ కూడా వాడేశాడు, ఇంకో జింకని కొట్టడానికి లేదు, ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. అయినా తూటాలెందుకని ఒక్కరూ అడగలేదు. వెర్నా కూడా.

*

"పోవద్దు," అంది ఇర్మా శనివారం పొద్దున. "సోమవారం ఎట్లాగూ వాళ్ళొస్తారు. ఈ రెండు రోజులూ నా దగ్గరుండు."

"మధ్యాహ్నానికి వచ్చేస్తా. ఒక్కసారి నా పేరు మీద నడిచొస్తా." కొత్త లైసెన్సు ఆమెకి చూపించాడు. మిషను అచ్చువేసిన తెల్ల కాగితం, ఇంకా వంపు తిరిగే ఉంది. డబ్బాలో పెట్టలేదు. జేబులో పెట్టుకున్నాడు. "బీవర్ల చెరువు పైన, ఫర్ చెట్ల వంపులో ఉంటా."

"ఆ చోటు ఇంకెవరికి తెలుసు?"

అతను బూటు తాడు కట్టుకుంటున్నాడు. "గార్త్‌కి. నేనే చూపించా, చాలా ఏళ్ళ కింద."

నారింజ రంగు కోటు తొడుక్కున్నాడు. ఇరవయ్యయిదేళ్ళు తొడుక్కున్నదే. అడవిలో మనిషిని జింకనుకుని ఎవరూ కాల్చకూడదని చట్టం వేయించిన రంగు అది. అర మైలు దూరం నుంచి కూడా కనపడుతుంది.

కలప దారి చివర ట్రక్కు ఆపాడు. రాత్రి అరడుగు మంచు పడింది. పక్షి అలికిడి లేదు. వంపు తిరిగేసరికి ఇంకో ట్రక్కు కనిపించింది, ఫర్ చెట్ల నీడలో, తనకంటే ముందొచ్చి నిలబడింది. ఇంజను మూత మీద కరిగిన మంచు మళ్ళీ గడ్డకట్టింది, అంటే వచ్చి చాలాసేపయింది. వెనక అద్దం మీద స్టిక్కరుని ఎవరో కత్తితో గీకారు. ముందూ వెనకా మాటలు పోయాయి. పేరు మాత్రం ఊడలేదు. హాలిస్ అని ఒక్కటే మిగిలింది.

ట్రక్కు దగ్గర్నుంచి బూటు జాడలు ఒక వరస పైకి పోయాయి. పెద్ద అడుగులు, లోతుగా దిగబడ్డవి. తిరిగొచ్చిన జాడ లేదు.

హాలిస్ నిలబడి చూశాడు. ట్రక్కెక్కి వెనక్కి పోవచ్చు. ఇంకా దారి ఉంది. చెయ్యి కోటు గుండీల మీదికి పోయింది. విప్పి చంకన పెట్టుకుంటే చెట్లలో చెట్టయిపోతాడు, అడవిలో అతన్ని పట్టుకోగలవాడు ఆ జిల్లాలో లేడు. ముప్ఫయ్యొక్కేళ్ళు అదే పని చేశాడు.

ఒక గుండీ విప్పాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"గార్త్," అని పిలిచాడు కొండ వైపు. "నేనే. వస్తున్నా."

జవాబు రాలేదు. పైన ఎక్కడో ఒక కొమ్మ మీంచి మంచు జారి పడింది, గాలి లేకుండానే. హాలిస్ ఆ జాడల్లో అడుగులు వేస్తూ, దాక్కోకుండా, చప్పుడు చేస్తూ పైకి నడవసాగాడు.